చేతికి మట్టంటని చేతిపని

సెప్టెంబరు 15, ఇంజనీర్స్ డే. గుంటూరు చుట్టుపక్కల ఒక ఇంజనీరింగు కాలేజీ వాళ్లు నన్ను ప్రాజెక్టుల పోటీకి న్యాయనిర్ణేతగా పిలిచారు. సివిల్ ఇంజనీరింగులో నాకున్న అనుభవమల్లా ఒక ఇల్లు కట్టి, ఆ అప్పు ఇంకా తీరుస్తూ ఉండడం. ఆ అర్హత చాలన్నారు. శాలువా కూడా ఉందన్నారు కాబట్టి నేనూ చాలన్నాను.

పోటీ పేరు 'హ్యాండ్స్-ఆన్ సివిల్'. పిల్లలు పుస్తకాల్లోంచి బయటికొచ్చి చేతులతో నేర్చుకుంటారట. బయటికంటే మరీ బయటికి కాదు, ఏసీ సెమినార్ హాల్లోకి. బల్లల మీద తెల్లగుడ్డలు పరిచారు. వాటి మీద ఐస్‌క్రీం పుల్లల వంతెనలు, థర్మోకోల్ స్మార్ట్ సిటీలు, నీలిరంగు నీళ్లు పోసిన డ్యాములు. ఒక్కో బల్ల వెనకాల టైలు బిగించుకున్న నలుగురు పిల్లలు. ఆ పుల్లలకు పాపం ఐస్‌క్రీం రుచే తెలీదు, స్టేషనరీ కొట్లో కట్టల లెక్కన కొన్నవి.

మొదటి వంతెనకు తూకం రాళ్లు వేలాడదీశారు. ఇరవై కిలోల దాకా మోసింది. మరో రాయి తగిలించేలోపు "ఆగండాగండి" అని హెచ్‌ఓడీ గారు పరిగెత్తుకొచ్చారు. జియోట్యాగ్ ఫోటో కావాలి. యాజమాన్యం వారొచ్చి వంతెన వెనక నిలబడ్డారు. "లాటిట్యూడ్ పడిందా? లాంగిట్యూడ్ పడిందా?" రెండూ పడ్డాయి. ఆ తర్వాత వంతెన పడింది. అది ఎవరూ ఫోటో తీయలేదు. కాలేజీలను తనిఖీ చేసే న్యాక్ బృందానికి నిలబడ్డ వంతెనలే కావాలి మరి.

"ఎందుకు విరిగింది బాబూ?" అన్నాను.

"ఫెవికాల్ ఆరలేదు సార్, రాత్రే అంటించాం" అన్నాడు కుర్రాడు నిజాయితీగా.

ఆ రోజు మొత్తం మీద నేను విన్న అసలు సిసలు ఇంజనీరింగు మాట అదొక్కటే. అతుకు దగ్గరే కట్టడం ఓడిపోతుందని వాడు చేత్తో చేసి తెలుసుకున్నాడు. పుల్లల వంతెనను నేను తప్పుపట్టను. అమెరికాలో, కెనడాలో సేమియాలాంటి స్పగెట్టీతో కూడా కట్టించి విరగ్గొడతారు. అక్కడ విరిగాకే పాఠం మొదలవుతుంది. మనవాళ్ల రిపోర్టు తిరగేస్తే ఫెవికాల్ ఊసే లేదు. 'లక్ష్యాలన్నీ విజయవంతంగా సాధించబడినవి' అనుంది. విరిగిన వంతెన కింద అంతటి విజయం ఎక్కడ దాక్కుందో!

పక్క బల్ల మీద స్మార్ట్ సిటీ. ఆకాశహర్మ్యాలు, సోలార్ దీపాలు, పచ్చరంగు పూసిన స్పాంజి చెట్లు.

"ఏ నేల మీద కట్టారమ్మా?"

"థర్మోకోల్ సార్."

హాలు గోడకు 'హ్యాండ్స్-ఆన్ సివిల్' ఫ్లెక్సీ కట్టారు. గాలికి దాని మూల లేచినప్పుడు కనబడింది, కిటికీ మూల నుంచి ఐమూలగా పైకప్పు దాకా పాకిన పగులు. ఫ్లెక్సీ కొలత ఆ పగులు కొలతను బట్టే నిర్ణయించారని నా అనుమానం. హాలు మొత్తంలో అసలైన సివిల్ ఇంజనీరింగు ప్రాజెక్టు అదే, దాన్నే మూసిపెట్టారు.

ఈ కాలేజీ నిలబడ్డ నేల నల్లరేగడి. పత్తికీ మిరపకూ తల్లి, గోడలకు సవతి తల్లి. వానపడితే ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుని నెర్రెలిస్తుంది. మే నెలలో చేలో నడుస్తూ సెల్‌ఫోన్ జారవిడిస్తే తవ్వి తీసుకోవాల్సిందే. దీనిలో మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకమన్ను ఖనిజం ఉంటుంది. అది పొరల మధ్యకు నీళ్లను లాక్కుని పెరుగుతుంది. పునాది ఏటా కాస్త లేస్తుంది, కాస్త దిగుతుంది. అన్ని మూలలూ ఒకే లెక్కన లేవవు, దిగవు. అందుకే గోడ ఐమూలగా చీలుతుంది.

ఈ మట్టి గుణం తెలుసుకోడానికి ఏసీ అక్కర్లేదు. ఆరబెట్టి జల్లించిన మట్టి పది గ్రాములు ఒక కొలజాడీలో, ఇంకో పది గ్రాములు మరో దాంట్లో. ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో కిరోసిన్, రెండూ 100 మిల్లీలీటర్ల గీత దాకా. ఒక రోజు వదిలేయాలి. కిరోసిన్లో మట్టి ఉబ్బదు, నీళ్లలోది ఉబ్బుతుంది. ఆ తేడాయే మీ ఇంటి జాతకం. ఖర్చు ఒక టీ, రెండు పునుగులంత. కిరోసిన్ రేషను షాపులో రావడం మానేసింది, కావాలంటే ఆ సాకు చెప్పుకోవచ్చు.

"ఈ కాలేజీ మట్టికి ఆ పరీక్ష చేశారా?" అని హెచ్‌ఓడీ గారిని అడిగాను.

"ల్యాబ్‌లో ఉంది సార్. రికార్డు కూడా రాశారు."

రికార్డు తెప్పించి చూశాను. పోయినేడు బ్యాచ్‌దీ చూశాను. అంకెలు దశాంశంతో సహా ఒక్కటే. బయట ఏటా ఉబ్బి ముడుచుకునే నేల, రికార్డు పుస్తకంలో మాత్రం తపస్సులో ఉన్నట్టు కదలకుండా కూర్చుంది. సీనియర్ల చేతిరాత కంటే గట్టి పునాది ఈ దేశంలో లేదు.

ఫైనల్ ఇయర్ వాళ్లది ఇంకా పై మెట్టు. బూడిద కలిపిన కాంక్రీటు మీద ప్రాజెక్టు. సోమవారం ప్రాజెక్టు సెంటర్లో డబ్బు కట్టారట, శుక్రవారానికి గట్టి అట్టతో బైండింగు చేతికొచ్చింది. అందులో దిమ్మెల 28 రోజుల బలం పట్టిక ఉంది. సిమెంటుకు 28 రోజులు పట్టే పని మనవాళ్లు నాలుగు రోజుల్లో చేయించారు. విశ్వకర్మ ఉంటే దండం పెట్టేవాడు.

భోజనానికి ముందు కాస్త గాలి కోసం బయటికొచ్చాను. ప్రహరీ గోడ దగ్గర ఒక బేల్దారి మేస్త్రి, సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు నింపి ఈ కొస నుంచి ఆ కొసకు మట్టం చూస్తున్నాడు. ఇద్దరు ఆడకూలీలు మాలు కలుపుతున్నారు. టైల పిల్లలు వాళ్ల పక్కనుంచే క్యాంటీనుకు పోతున్నారు, ఒక్కడూ ఆగలేదు.

"లోపలేంది సార్ అంత సందడి?" అన్నాడు మేస్త్రి.

"పిల్లలు వంతెనలు కడుతున్నారు."

"మన డొంక వాగు మీదా?" వాడి మొహం వెలిగింది. వానొస్తే ఆ వాగు మీది తూము మునిగి మిరపకాయల ట్రాక్టర్లు అవతలే ఆగిపోతాయట.

"బల్ల మీద."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత గోడ మీద తాపీతో తట్టి, "ఇది మూడేళ్లకోసారి మేమే కడతాం సార్. నల్లమట్టి తీసేసి గ్రావెల్ పోసి దిమ్మిస కొట్టండి, లేకపోతే గట్టి పొర తగిలిందాకా దిగండి అంటాను. వినరు. నాకేం నష్టం? మా పెద్దమ్మాయి పెళ్లి ఈ గోడ మీదే చేశా" అన్నాడు.

నేల ఉబ్బు తగలని లోతుదాకా దిగడానికి రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వాళ్లు ఎప్పుడో దారి చూపించారు. మూడున్నర మీటర్ల లోతుకు గుంట దింపి, అడుగున గంటలా విప్పార్చి కాంక్రీటు పోస్తారు. అండర్-రీమ్డ్ పైల్ అని పేరు. పరీక్షల్లో దాని బొమ్మకు మార్కులుంటాయి. బొమ్మ బాగా వేసినవాడు ఇప్పుడు బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ చేస్తున్నాడు.

మధ్యాహ్నం డ్యామ్ వంతు. ఫోన్లో బటన్ నొక్కితే చిన్న మోటారు గేటు ఎత్తుతుంది. ఐవోటీ. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను, నిజంగానే ముచ్చటగా ఉంది. "గుండ్లకమ్మ చూశారా?" అన్నాను. "గూగుల్‌లో చూశాం సార్."

ఒంగోలు దగ్గర మల్లవరంలో గుండ్లకమ్మ రిజర్వాయరుంది. 2008లో ప్రారంభించారు. 2022 ఆగస్టులో ఒక గేటు కొట్టుకుపోయింది, మిచాంగ్ తుపాను వచ్చిన 2023 డిసెంబరులో ఇంకోటి. మిరప, వరి రైతులు చూస్తుండగానే దాచుకున్న నీళ్లు సముద్రం దారి పట్టాయి. గేట్లు ఫోన్లో ఎత్తడం ఒక విద్యే. కానీ తుప్పు గీకడం, గ్రీజు పెట్టడం, రబ్బరు సీలు మార్చడం ఏ పోటీలోనూ అంశం కాదు, వాటికి షీల్డులుండవు.

ఇదే గుండ్లకమ్మ ఏటి మీద ఎగువన కంభం చెరువుంది. విజయనగర కాలంలో వరదరాజమ్మ అనే రాణి కట్టించిందని చెబుతారు. రెండు కొండల నడుమ సందును మట్టికట్టతో మూశారు. అది ఇప్పటికీ నీళ్లు మోస్తోంది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఒకే ఏరు, ఎగువన వందల ఏళ్ల కట్ట, దిగువన పద్నాలుగేళ్లకే ఊడిన గేటు. రెండూ చూసి రావడం బస్సులో ఒక రోజు పని. కానీ బస్సు ఎక్కితే ఎండ, దుమ్ము, పైగా కట్ట మీద బ్యానరు ఎక్కడ కట్టాలో తేలదు.

ఇంకో తమాషా చెబుతాను. ఆ రోజు వేదిక మీద దండ వేసిన పటం, ఇంజనీర్స్ డే ఎవరి పుట్టినరోజో ఆ విశ్వేశ్వరయ్య గారిది. ఆయన ఇంటిపేరు మోక్షగుండం. అది అదే కంభం పక్కన బేస్తవారిపేట మండలంలో ఒక ఊరు, వాళ్ల పూర్వీకులది. ఆ మహానుభావుడు 1903లో పూణే దగ్గర ఖడక్‌వాస్లాలో, వరదొస్తే వాటంతటవే తెరుచుకునే గేట్లు బిగించి పేరు తెచ్చుకున్నాడు. ఆయన పూర్వీకుల గడ్డ మీద గేట్లు కూడా వరదొస్తే వాటంతటవే పోతున్నాయి. ఈ మాట మైకులో అంటే హెచ్‌ఓడీ గారు నవ్వారు. యాజమాన్యం నవ్వలేదు. హెచ్‌ఓడీ గారు ఆపేశారు.

మొదటి బహుమతి ఎవరికో కాగితం మీద రాయమన్నారు. 'హాలు గోడ పగులు' అని రాసి సంతకం పెట్టాను. వాళ్లు మర్యాదస్తులు. నా చేతిరాత అర్థం కాలేదని చెప్పి స్మార్ట్ సిటీకిచ్చారు.

బయటికొచ్చేసరికి వాన కురిసి వెలిసింది. కారు దగ్గరికి అడ్డదారిలో నాలుగడుగులేశానో లేదో, రేగడి నా కుడికాలి చెప్పును పట్టేసింది. లాగితే కాలొచ్చింది, చెప్పు రాలేదు. శాలువా భుజాన వేసుకుని వంగి, రెండు చేతులూ మోచేతుల దాకా దింపి చెప్పును పెళ్లగిస్తున్నాను. ఎదురుగా ఒక విద్యార్థి ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు.

"కదలకండి సార్, లొకేషన్ ఆన్ చేస్తున్నా. దీన్ని హ్యాండ్స్-ఆన్ కింద అప్‌లోడ్ చేయొచ్చా?"