బాయిలోకి దిగితే బరువు తగ్గుతారట!

ఒళ్లు తగ్గించుకోవాలనుకునేవాళ్లు జిమ్ములకు డబ్బు తగలెయ్యనక్కర్లేదు. చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకాలోని సాస్తికి బండెక్కితే చాలు. అక్కడ బొగ్గు బాయి ఉంది. దిగినకొద్దీ బరువు తగ్గుతుందని మన కోచింగ్ సెంటర్లు హామీ ఇస్తున్నాయి. "పైకెళ్తే తగ్గు, కిందికెళ్తే తగ్గు, ఎత్తుకు రెండింతలు, లోతుకు ఒకింత" అని పిల్లలచేత ఎక్కాల్లా వల్లె వేయిస్తున్నాయి. గురుత్వాకర్షణకు ఇల్లు ఒక్కటేనట, అది నేలమట్టం. గడప దాటితే ఎటు పోయినా నీరసమే.

సాస్తి పరాయి ఊరేం కాదు. రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, మన ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. బొగ్గు చుట్టూ తెలుగు మాట ఇప్పటికీ వినపడే నేల అది. అక్కడో ఇంట్లో రాత్రి షిఫ్టు ముగించుకొచ్చిన తండ్రి గుమ్మం దగ్గర బూట్లు విప్పుతుంటే, లోపల కొడుకు ఫిజిక్స్ బిట్లు చేస్తున్నాడనుకోండి. "బాపూ, బాయిలో నీ బరువు తగ్గుతది, ఫార్ములా ఉంది" అంటాడు. తండ్రి నవ్వి ఊరుకుంటాడు. పాపం, ఆయన దగ్గర మెటీరియల్ లేదు.

ఫార్ములా తప్పు కాదు. భూమి పైనుంచి కేంద్రం దాకా ఒకే సాంద్రతతో ఉంటేనే అది చెల్లుతుందని పాఠ్యపుస్తకమే షరతు పెట్టింది. ఆ షరతు కోచింగ్ నోట్సులోకి వచ్చేసరికి ఆవిరైపోయింది, జాగా చాలలేదు కాబోలు! నిజం భూమి మాత్రం మధ్యలో ఇనుప గుండు దాచిన లడ్డూ. సగటు సాంద్రత నీటికి అయిదున్నర రెట్లు, పైపెంకుది రెండుంపావు నుంచి మూడు లోపు, బొగ్గుది ఒకటిన్నరకు అటూ ఇటూ. కిందికి దిగితే నెత్తిమీద మిగిలిన పొర లెక్కలోంచి తప్పుకుంటుంది, నిజమే. కానీ ఆ పోయేది తేలిక సరుకు. అదే సమయంలో అడుగునున్న బరువు సరుకుకు దగ్గరవుతాం. చుట్టూ ఉన్న రాయి సాంద్రత భూమి సగటులో మూడింట రెండు వంతులకు తక్కువగా ఉన్నంతకాలం లాభమే ఎక్కువ.

నూరు మీటర్ల లోతున, బొగ్గు పొరల మీదుండే ఇసుకరాతిలో, 70 కిలోల మనిషికి కోచింగ్ లెక్క ఒక గ్రాము కోస్తుంది. భూమి దాదాపు మరో గ్రాము కలుపుతుంది. ఓపెన్‌కాస్టులో అయితే నెత్తిమీద పొరే ఉండదు, తవ్వి గుట్టలుగా పక్కన పోస్తారు. పైకి లాగే మట్టి లేదు గనక అక్కడ పెరుగుదల ఇంకాస్త ఎక్కువే. ఆ నూరు మీటర్ల బాయి అడుగున స్ప్రింగు త్రాసులో తూచిన టన్ను బొగ్గు పైకొచ్చేసరికి సుమారు పన్నెండు గ్రాములు తక్కువ తూగుతుంది. కాంటా దాకా వచ్చేలోపు తరిగిపోయే మిగతా బొగ్గుకు మాత్రం న్యూటన్ పూచీ లేదు.

ఇది నిన్నమొన్న తేలిన సంగతీ కాదు. 1854లో ఇంగ్లండ్ రాజ ఖగోళవేత్త జార్జ్ ఎయిరీ సౌత్ షీల్డ్స్ దగ్గర హార్టన్ బొగ్గు బాయిలోకి లోలకం దించాడు. అంతకుముందు కార్న్‌వాల్‌లోని డోల్‌కోత్ గనిలో 1826లో ఒకసారి, 1828లో ఒకసారి చెయ్యి కాల్చుకున్నాడు. మొదటిసారి పైకి లాగుతున్న పరికరాల పెట్టె నిజంగానే అంటుకుంది. మనిషి మొండిఘటం. హార్టన్‌లో 380 మీటర్ల పైచిలుకు లోతున లోలకం రోజుకు సుమారు రెండుంపావు సెకన్లు ముందుకు పోయింది. లోలకం తొందరపడిందంటే ఆకర్షణ పెరిగినట్టే. సాక్ష్యం ఇచ్చింది ఏ ప్రయోగశాలో కాదు, బొగ్గు బాయి!

పై అంతస్తు సంగతి మరీ వినోదం. అంతరిక్ష కేంద్రంలో గురుత్వాకర్షణ సున్నా అని టీవీ యాంకర్లు ఏళ్ల తరబడి చెబుతున్నారు. అది తిరిగే 400 కిలోమీటర్ల ఎత్తున 9.8 కాస్తా 8.7 అవుతుంది, అంతే. వ్యోమగాములు తేలేది ఆకర్షణ లేక కాదు, కేంద్రంతోపాటు వాళ్లూ నిరంతరం పడుతూ ఉండటంవల్ల.

ఇక అసలు పండగ 2019 నీట్ పరీక్ష. నేలమీద 200 న్యూటన్లు తూగే వస్తువు భూకేంద్రానికి సగం దారిలో ఎంత తూగుతుందని అడిగారు. షరతు ఊసెత్తలేదు. కీలో జవాబు 100. భూకంప తరంగాలతో కట్టిన భూమి నమూనా ప్రకారం గురుత్వ త్వరణం 2,900 కిలోమీటర్ల లోతున, కోర్ అంచు దగ్గర 10.7 దాకా పెరిగి, ఆపైన తగ్గడం మొదలవుతుంది. సగం దారిలో ఇంకా పది దగ్గరే ఉంటుంది. అంటే ఆ వస్తువు 204 న్యూటన్లు తూగుతుంది. ఇచ్చిన ఆప్షన్లలో 200 కూడా ఉంది. అది పెట్టిన పిల్లకు నాలుగు మార్కులు గోవిందా, పైగా మైనస్ ఒకటి. అభ్యంతరముంటే రుసుం కట్టి చెప్పుకోవచ్చు, గడువు మాత్రం కొద్ది రోజులే.