గ్రాముల బాబాయి

వేమూరులో ఆదివారం పొద్దున్నే కోడి కొట్టు దగ్గర నిలబడితే ఆయన్ని ఇట్టే పోల్చుకోవచ్చు. అందరూ కేజీ ఎంత అని అడుగుతుంటే ఆయనొక్కడే "ఎముక లేకుండా వంద గ్రాములు ఎంత పడుద్ది?" అంటాడు. "బాబాయ్, ఇది బంగారం కొట్టు కాదు" అంటాడు కొట్టువాడు, కత్తి ఆపకుండానే. ఈలోగా వెనకున్నవాళ్ళకి ప్రసంగం మొదలైపోతుంది. "పులుసులో ఏముందిరా, నూనే మసాలానూ! ముక్క తినండి, ముక్క!"

ఇలాంటివాడు ఇప్పుడు ఊరికొకడు తయారయ్యాడు. వయసు అరవై దాటి, షుగరు గుమ్మందాకా వచ్చి, అమెరికాలో ఉన్న కొడుకు రెండు వీడియోలు పంపితే చాలు, ఎవడైనా ఈ అవతారం ఎత్తొచ్చు. మా బాబాయికైతే ఎరువుల కొట్టు నడిపిన అనుభవం అదనం. ఎకరాకి యూరియా ఇంత అని చెప్పినట్టే మనిషికి ప్రోటీన్ ఇంత అని చెప్పేస్తాడు.

లెక్క గాలిలోంచి పుట్టింది కాదు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిందే: కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు, 65 కిలోల మగమనిషికి 54. బాబాయి తన 86 కిలోలతో హెచ్చవేసి 71 తేల్చాడు. పొట్టక్కూడా వాటా కట్టాడన్నమాట. పైగా పావుకిలో చికెన్ తింటే 250 గ్రాముల ప్రోటీన్ ఒంట్లో పడ్డట్టేనని నమ్మేవాడు. చివరికి హైస్కూలు సైన్సు మేస్టారు రైల్వే స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టి విడమరిచారు. పచ్చి మాంసంలో ముప్పాతిక వంతు దాకా నీళ్ళే, వందకి ఇరవై చిల్లర మాత్రమే ప్రోటీన్, గుడ్డుకైతే ఆరు గ్రాములు అని. ఆ పూట బాబాయి టీలో పంచదార వేయించుకున్నాడు.

చెప్పేదంతా చాదస్తం అని కొట్టిపారేయలేం. మన కంచంలో అన్నం గుట్టగా ఉంటే కూర గోడ వారన నిలబడుతుంది. మొక్కల్లో దొరకని బి12 మాంసంలో, చేపలో, గుడ్డులో, పాలలో ఉంది. మాంసంలో ఇనుము ఆకుకూరలో దానికంటే తేలిగ్గా ఒంటబడుతుంది. బడిపిల్లలకి గుడ్డు పెట్టడం ఊరికే కాదు. నిజాంపట్నం నుంచి వచ్చే చేపలబుట్ట చూసి ఆయన మొహం వెలిగిందంటే తప్పు పట్టను. తేడా ఎక్కడొచ్చిందంటే, పప్పంటే ఆయనకి లెక్కే లేదు.

కొడుకు ఓ పెద్ద డబ్బా ప్రోటీన్ పొడి పంపాడు. చెంచాకి 24 గ్రాములని దాని మీద రాసుంది. కండల కోసం ఈ పొడులు వాడొద్దని 2024లో అదే తార్నాక సంస్థ చెప్పింది. "లెక్కలు బాగా వేస్తారు గానీ, వాళ్ళకి సలహాలు చెప్పడం రాదు" అన్నాడు బాబాయి. వానాకాలంలో పొడి గడ్డకట్టింది. పిన్ని దాన్ని దిబ్బలో పారబోసి, డబ్బా కడిగి మినప్పప్పు పోసుకుంది. ఇప్పటికీ ఆ డబ్బాలో ఉన్నది 24 గ్రాములే, కాకపోతే చెంచాకి కాదు, వందకి.

అసలు పప్పు విలువ వేమూరులో ఒకరు చెప్పాలా! వరి కోతకి రెండు మూడు రోజుల ముందు నిలబడ్డ చేలోనే మినుములు చల్లి, నేలలో మిగిలిన తేమతో, రాత్రి మంచుతో పంట తీసిన డెల్టా ఇది. బియ్యంలో తక్కువైన లైసిన్ పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువైన మెథియోనిన్ బియ్యంలో ఉంటుంది. ఈ పేర్లు తెలియకుండానే మన ముసలమ్మలు ఇడ్లీపిండి రుబ్బారు. తర్వాత మినుముకి పల్లాకు తెగులు పట్టుకుంది. చాలామంది దున్నకుండానే మొక్కజొన్న వేయడం మొదలెట్టారు, బాబాయి కూడా. ఆ మొక్కజొన్న కోళ్ళ మేతకి పోతుంది. తన చేలో పండాల్సిన ప్రోటీన్ కోడి కడుపులోంచి చుట్టు తిరిగొచ్చేదాకా ఆగి, ఆదివారం లైన్లో నిలబడి కొనుక్కుంటున్నాడాయన.

కార్తీకమాసం వస్తే మరీ కష్టం. పిన్ని నెలంతా ఇంట్లో నీచు రానివ్వదు. "కండ కరిగిపోతోందిరా" అని కనపడినవాడికల్లా భుజం నొక్కి చూపిస్తాడు. వనభోజనాల్లో గారెలు, పులిహోర, పరమాన్నం మాత్రం వదలడు. నెలాఖరుకి తూకం ఎక్కితే కిలోన్నర పెరిగుంటాడు. మిషను పాడైందంటాడు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింట్లో భోజనానికి కూర్చున్నాం. లెగ్ పీసులు రెండూ, కార్జం, కందనకాయ ఆయన కంచంలోకి వాటంతటవే వచ్చినట్టు వచ్చేశాయి. అందరికీ వడ్డించి పిన్ని కూర్చునేసరికి గిన్నెలో మెడముక్క, అడుగున పులుసు మిగిలాయి.

"నీకు ప్రోటీన్ చాలట్లేదే, అందుకే ఆ మోకాళ్ళ నొప్పులు" అన్నాడు బాబాయి, మొదటి కాలు చీకుతూ.

"అయితే ఆ రెండోది ఇటు వెయ్యండి" అంది పిన్ని.

బాబాయి కంచాన్ని కాస్త తనవైపు జరుపుకున్నాడు. "ముక్కలో ఏముందే పిచ్చిదానా, సారమంతా పులుసులోకే దిగుద్ది" అని ఆవిడ అన్నంలో గరిటెడు పోశాడు.