గజాల లెక్కన కాపురం

మా ఇంట్లో క్యాలెండరు ఉంది గానీ పాల లెక్కకు తప్ప దాని ముఖం ఎవరూ చూడరు. సంవత్సరాలన్నీ మా ఆవిడ గజాల్లోనే చెబుతుంది. "పెద్దాడు పుట్టినప్పుడు మియాపూర్ గజం ఎంతండీ? అదే, మీరు వద్దన్నప్పుడు!" అంటుంది. చిన్నదానికి చెవులు కుట్టించిన ఏడు నల్లగండ్ల రేటుతో గుర్తు. వీటిలో ఒక్క గజమూ మాది కాదు.

ఈ వద్దనడానికి ఆద్యులు మా మామగారు. 1998లో, మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచిన ఏడాది, కొండాపూర్‌లో ఎవరో మూడొందల గజాలు చూపించారట. ఆయన చెప్పులో దిగిన ముల్లు పీక్కుంటూ చుట్టూ చూసి, "రాళ్ళకు డబ్బులిస్తారటయ్యా ఎవరైనా?" అని వెళ్ళిన బస్సులోనే తిరిగొచ్చేశారు. ఆ ముల్లు కథ పండగ పండక్కీ వింటాం. ఈ మధ్య ముల్లు విలువ కోట్లకు చేరింది.

నా వంతు 2010లో వచ్చింది. అంతకుముందు డిసెంబరులో తెలంగాణ ప్రకటన వెలువడింది. రాష్ట్రం విడిపోతే హైదరాబాదులో ఇల్లు కొనే నాథుడే ఉండడని మా ఆఫీసు క్యాంటీన్ తేల్చేసింది. ధరలు కూలాక ఒకటికి రెండు కొందామని ఆగాను. 2014లో రాష్ట్రం విడిపోయింది. ధరలు కొన్నాళ్ళు కదలకుండా కూర్చుని, నేను కూర్చునే ఉన్నానని చూసుకుని, లేచాయి.

2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. అది ఆకాశాన్నంటే టవర్లు కట్టుకునే వాళ్ళ లెక్క, మనలాంటివాళ్ళది కాదు. అయినా మా ఆవిడ పెన్సిలు అందుకుంది. ఎకరానికి 4,840 గజాలు, అంటే గజం రెండు లక్షల పైచిలుకు. "ఏవండీ, అక్కడ మన డబుల్ కాట్ పట్టే చోటే తొమ్మిది లక్షలండీ!" అంది. ఆ రాత్రి కాస్త ముడుచుకునే పడుకున్నాను.

నేనేమీ కొనలేదనుకోకండి. అమరావతికి 2015 విజయదశమినాడు శంకుస్థాపన జరిగినప్పుడు ఆగాను సరే, 2019లో ప్రభుత్వం మారి రేట్లు దిగగానే, ఇదే అదను అని నవంబరులో తుళ్ళూరు దగ్గర రెండొందల గజాలు కొన్నాను. డిసెంబరులో అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చింది. "రెండొందల్ని మూడుతో భాగిస్తే నీకెంత వస్తుంది బావా?" అన్నాడు మా బావమరిది. నాలుగేళ్ళు ఓపిక పట్టి, నష్టానికి అమ్మేశాను. 2024 జూన్‌లో ప్రభుత్వం మళ్ళీ మారింది, రేట్లు మళ్ళీ లేచాయి. నా దగ్గర కొన్నాయన సంక్రాంతికి అరిసెలు పంపుతున్నాడు. బాగుంటాయి. మా ఆవిడ మాత్రం ముట్టదు.

చివరికి తెల్లాపూర్‌లో ఫ్లాటు కొన్నాం. బ్రోచర్లో 1,650 అడుగులు. గృహప్రవేశం అయ్యాక టేపు పట్టి కొలిస్తే గోడల మధ్య 1,150. మిగతా ఐదొందలు ఏవయ్యా అంటే, "మెట్లు, లిఫ్టు, కారిడార్, క్లబ్‌హౌసు, అన్నిట్లో మీ వంతుంది కద్సార్" అన్నాడు సేల్స్ కుర్రాడు, నాకేదో ఆస్తి రాసిచ్చినట్టు. 2016 నాటి రెరా చట్టం కార్పెట్ ఏరియా చెప్పి తీరాలంటుంది. చెప్పారు కూడా, అగ్రిమెంటు పదిహేడో పేజీలో. అడుగు ఏడు వేల చొప్పున ముప్ఫై అయిదు లక్షలు పోసి, మోకాళ్ళ నొప్పులతో ఎక్కలేని మెట్లూ, ఈత రాని నాకు ఈతకొలనూ కొన్నానన్నమాట.

మొన్న సాయంత్రం మా ఆవిడ గుమ్మం బయట కారిడార్లో పీటేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. సెక్యూరిటీ అబ్బాయి వచ్చాడు.

"అమ్మా, ఇక్కడ కూర్చోకూడదమ్మా, కామన్ ఏరియా."

ఆవిడ లేచి, లోపలికెళ్ళి టేపు తెచ్చి, పీట నిలువూ అడ్డం కొలిచింది.

"అడుగున్నర. దీనికి పదివేల అయిదొందలు కట్టాం నాయనా" అని మళ్ళీ కూర్చుంది. "ఇంకా నాలుగొందల తొంభై ఎనిమిదిన్నర అడుగులు మాకు రావాలి. ఎక్కడెక్కడున్నాయో కాస్త చూపించి పో."