చుక్కకు చోటేదీ?

ఒమాన్ సరిహద్దులోని మా బురైమిలో కారు తీస్తే సిగ్నళ్ళు రెండు దాటేలోపే దేశం అయిపోతుంది. అవతల అల్ ఐన్, ఎమిరేట్స్ వాళ్ళది. ఒకప్పుడు అడ్డూ ఆపూ లేకుండా అటూ ఇటూ తిరిగేవారట. ఇప్పుడు కంచె, చెక్‌పోస్టు. మనుషుల్ని ఆపారు గానీ ఫుల్‌స్టాప్‌ని ఆపలేకపోయారు.

మొన్న ఉగాదికి పిలుపు కాగితం కొట్టించడానికి టైపింగ్ సెంటర్‌కి వెళ్ళాం. ‘అందరూ సకుటుంబంగా రావాలి’ అని కొట్టి చుక్క పెడితే, అది ‘రావాలి’ని వదిలేసి ఎడమకి పరిగెత్తి ‘అందరూ’ ముందు నిలబడింది. “సరిగ్గానే ఉంది సార్, ఇక్కడ వాక్యం అటే అయిపోతుంది” అన్నాడు మలయాళీ కుర్రాడు. ఒక రకంగా నిజమే. ఆ పేరా కుడి నుంచి ఎడమకి నడిచే అరబ్బీ పేరా. తెలుగు అక్షరాలకి తమ దిశ తమకి ఉంది. చుక్కకి లేదు, పేరా ఎటంటే అటు. అరబ్బీవాళ్ళు కామాని తలకిందులు చేసుకున్నారు, ప్రశ్న గుర్తుని అటు తిప్పుకున్నారు. ఆ రెంటికీ యూనికోడ్‌లో వేరే నంబర్లున్నాయి. చుక్క మాత్రం ఉమ్మడి ఆస్తి, అందుకే ఈ తగువు. కంట్రోల్, ఎడమ షిఫ్ట్ కలిపి నొక్కితే చుక్క బుద్ధిగా వెనక్కొచ్చింది.

హమ్మయ్య అనుకునేలోపు ఇంకో వింత. ‘మీరు రాకపోతే ఎలా’ ఒక పంక్తిలో, ‘?’ ఒంటరిగా కింది పంక్తిలో. ఇది అరబ్బుల పని కాదు, మా వెంట వచ్చిన పెద్దాయన పని. ఆయన ప్రతి గుర్తుకీ ముందొక స్పేస్ కొడతారు. “కాస్త గాలాడాలి కదోయ్” అంటారు. ఖాళీ కనబడితే చాలు, వర్డ్ అక్కడే పంక్తి విరిచేస్తుంది. తాళపత్రాల మీద మాటకీ మాటకీ మధ్యే ఖాళీ ఎరగని జాతికి ఇంత గాలి ఎక్కణ్ణుంచి వచ్చిందో!

ఖాళీ అంటే గుర్తొచ్చింది, మా అమ్మాయి అనిమే పిచ్చిలో జపనీస్ నేర్చుకుంటోంది. దాని దగ్గర నాలుగొందల గళ్ళ కాగితం చూశాను. అక్కడ చుక్కకీ కామాకీ అక్షరంతో సమానంగా తలా ఒక గడి. సిరా పడేది మూలన ఇంతే, మిగతాదంతా ఖాళీ. ఆర్టీసీ బస్సులో చంటిపిల్లకి ఫుల్ టికెట్ తీసి సీటిచ్చినట్టు! అచ్చులో మూసే కొటేషన్, కామా పక్కపక్కన పడితే మాత్రం సర్దుకోవాల్సిందే, మధ్య ఖాళీ తీసేస్తారు. పంక్తి మొదట్లో చుక్క పడే గండం వస్తే, పై పంక్తి చివరి గడిలోనే అక్షరంతో పాటు ఇరికిస్తారు. కంప్యూటర్‌లోనూ చుక్కని పంక్తి మొదట్లో పడనివ్వరు, ఆ కట్టడిని కిన్సోకు అంటారు. ఈ అచ్చు కట్టుబాట్లకి 1993లోనే జేఐఎస్ ఎక్స్ 4051 అని జాతీయ ప్రమాణం రాసుకున్నారు, 2004లో మళ్ళీ సవరించారు.

ఇదంతా చెబితే, “అంతంత ఖాళీ వాళ్ళు వదిలితే అందం, నేను వదిలితే తప్పా?” అన్నారు పెద్దాయన. వాళ్ళ ఖాళీ గుర్తులోనే ఉంది, మీది గుర్తుకి ముందుంది అని చెప్పాను. వినలేదు. ‘ఎలా ?’ అనే అచ్చయింది.

మీరైనా వినండి బాబూ: ఆ స్పేస్ ఏదో గుర్తు తర్వాత కొట్టండి, ముందు వద్దు.