ఖాళీ మాక్రో మాహాత్మ్యం

సీలోనో సీ ప్లస్ ప్లస్‌లోనో రాసిన ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఏదైనా తీసుకోండి. రీడ్‌మీ రెండో పేరాకల్లా హామీ వచ్చేస్తుంది. లినక్స్, విండోస్, మ్యాక్, ఆండ్రాయిడ్ అన్నిటిలోనూ నడుస్తుందట, థ్రెడ్లతో నిశ్చింతగా వాడుకోవచ్చట. అది చదివి ఆగిపోయినవాళ్లు అదృష్టవంతులు. సోర్స్‌లోకి వెళ్లి పోర్టబిలిటీ హెడర్ తెరిచినవాళ్లకి అక్కడ ఇఫ్, ఎలిఫ్, ఎలిఫ్, మళ్లీ ఎలిఫ్ అంటూ ఒక నిచ్చెన కనిపిస్తుంది. కంపైలర్‌కో మెట్టు, దాని వెర్షన్‌కో మెట్టు. అన్నీ దిగాక అట్టడుగున ఎల్స్ అని ఉంటుంది. చాలాచోట్ల దాని కింద థ్రెడ్ లోకల్ అనే మాక్రోని డిఫైన్ చేసి, ఎదురుగా ఏమీ రాయకుండా వదిలేసి ఉంటారు. ఏమీ అంటే నిజంగానే ఏమీ లేదు. ఆ లైబ్రరీ ఇచ్చిన హామీలన్నిట్లోకీ పెద్దది ఆ ఖాళీ జాగాలోనే ఉంది.

సంగతి తెలియనివారికి రెండు ముక్కలు. ప్రోగ్రాంలో నాలుగు థ్రెడ్లు నడుస్తుంటే గ్లోబల్ వేరియబుల్ నాలుగింటికీ ఉమ్మడి. అదే థ్రెడ్ లోకల్ అని ప్రకటిస్తే పేరు ఒకటే, కాపీ దేనిది దానిది. ఈ అవసరానికి పాత సాక్షి ఎర్‌నో. యూనిక్స్ తొలిరోజుల్లో అదొక మామూలు గ్లోబల్ అంకె. సిస్టమ్ కాల్ విఫలమైతే కారణం అందులో పడేది. థ్రెడ్లు వచ్చాక ఒకరి తప్పు ఇంకొకరి ఖాతాలో పడకూడదు గనక దాన్ని మాక్రోగా మార్చి, వెనక ఒక ఫంక్షన్ పెట్టారు. ఆ ఫంక్షన్ పిలిచిన థ్రెడ్ సొంత డబ్బా ఎక్కడుందో చెబుతుంది. దానికైనా అందరూ కలిసి ఒక పేరు పెట్టుకున్నారా? లినక్స్ గ్లిబ్‌సీలో ఎర్‌నో లొకేషన్, మ్యాక్‌లో ఎర్రర్. ఆండ్రాయిడ్‌లోనూ విండోస్‌లోనూ ఎర్‌నోనే గానీ, పేరుకి ముందు అక్కడ రెండు అండర్‌స్కోర్లు, ఇక్కడ ఒకటి. ఒక్క అంకె దగ్గరే ఇంత ఐకమత్యం ఉంటే నిచ్చెన సంగతి చెప్పేదేముంది!

జీసీసీ కంపైలర్ 2003లో 3.3 వెర్షన్‌తో రెండు అండర్‌స్కోర్ల థ్రెడ్ ఇచ్చింది. మైక్రోసాఫ్ట్ వాళ్లకి డిక్ల్‌స్పెక్ థ్రెడ్ ఉంది. 2011లో ప్రమాణ సంఘాలు ఈ గొడవ తీరుద్దామని పూనుకుని సీకి ఒకటి, సీ ప్లస్ ప్లస్‌కి ఒకటి, రెండు వేర్వేరు కీవర్డులు ఇచ్చి గొడవకి ఇంకో రెండు మెట్లు చేర్చాయి. సీలో ఆ పేరుని ముచ్చటగా రాసుకోవాలంటే సీ23 ప్రమాణం వచ్చేదాకా థ్రెడ్స్ అనే హెడర్ కావలసివచ్చేది. ఆ హెడర్ ఇవ్వడం ఐచ్ఛికం. ఇవ్వనివాళ్లు ‘మాకు థ్రెడ్లు లేవు’ అని ఒక మాక్రో పెడితే ప్రమాణం దృష్టిలో పతివ్రతలే. గ్లిబ్‌సీ 2018 దాకా ఆ మాక్రో పెట్టుకునే కూర్చుంది. అప్పటికి జీసీసీ పాత కీవర్డు అదే లినక్స్ మీద పదిహేనేళ్లుగా భేషుగ్గా పనిచేస్తోంది. అంటే ప్రమాణాన్ని నమ్మి అడిగినవాడికి లేదన్నారు, ప్రమాణాన్ని పక్కనబెట్టినవాడికి ఉందన్నారు.

ఇక గుర్తింపు కార్డుల తనిఖీ. నిచ్చెన చాలావరకు ‘ఈ పని నీకు వచ్చా?’ అని అడగదు, ‘నీ పేరేంటి?’ అని అడుగుతుంది. క్లాంగ్ కంపైలర్‌ని అడిగితే జీసీసీ 4.2.1 అంటుంది. ఎన్ని వెర్షన్లు మారినా ఆ కార్డు మాత్రం మారలేదు. అదే క్లాంగ్ విండోస్‌లో మైక్రోసాఫ్ట్ కార్డు తీస్తుంది. నిజంగానే 4.2 అయిన యాపిల్ వారి పాత జీసీసీ మాత్రం, ఈ టార్గెట్‌కి థ్రెడ్ లోకల్ స్టోరేజీ (టీఎల్‌ఎస్) లేదని మ్యాక్ మీద ముఖానే చెప్పేది. కార్డు ఒకటే, పనితనం వేరు. అయినా తనిఖీ కార్డుకే.

ఏ కార్డూ నప్పక కిందికి జారిపోయిన అభాగ్య కంపైలర్ చివరికి ఎల్స్ ఒళ్లో పడుతుంది. అక్కడ జరిగే అద్భుతం చూడండి. మాక్రో ఖాళీ గనక ‘స్టాటిక్ థ్రెడ్ లోకల్’ అని రాసిన లైను ఉత్త స్టాటిక్ అయిపోతుంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, బిల్డ్ పచ్చగా ఉంటుంది. థ్రెడ్‌కొకటి అనుకున్న బఫర్ ప్రోగ్రాం మొత్తానికి ఒకటే అవుతుంది. చివరి తప్పు తాలూకు సందేశం అందులో పెట్టుకుంటే ఒకరి తప్పు ఇంకొకరికి కనబడుతుంది. ఇప్పుడు ఎవరి అభ్యర్థన మీద పని జరుగుతోందో అందులో పెట్టుకుంటే ఒక యూజర్ ఖాతా వివరాలు ఇంకో యూజర్ తెర మీదికి వస్తాయి. అదీ రోజూ కాదు. ఒక థ్రెడ్ పని మధ్యలోకి ఇంకో థ్రెడ్ దూరిన క్షణంలోనే. డెవలపర్ లాప్‌టాప్ మీద ఆ క్షణం ఎప్పటికీ రాదు. ఇష్యూ పెడితే ‘మా దగ్గర రావట్లేదు’ అని మూసేస్తారు. రాదు బాబూ, మీ దగ్గర రాదు. మీరు పై మెట్టు మీద ఉన్నారు.

ఈ వ్యవహారంలో కాస్తో కూస్తో నిజాయితీ లినక్స్ లింకర్‌దే. ఒక ఫైలు వేరియబుల్‌ని థ్రెడ్ లోకల్ అని, ఇంకో ఫైలు అదే పేరుని మామూలుదని చెబితే కుదరదు పొమ్మంటుంది. కానీ ఖాళీ మాక్రో అన్ని ఫైళ్లలోనూ ఒకే అబద్ధం ఆడుతుంది కదా, లింకర్ మాత్రం ఏం చేస్తుంది!

దీన్ని సమర్థించేవాళ్ల వాదనలు ముచ్చటైనవి. ‘ఆ పాత కంపైలర్ మీద థ్రెడ్లు ఎవరు వాడతారండీ’ అనేది మొదటిది. వాడరని అంత నమ్మకముంటే థ్రెడ్లు లేని బిల్డ్ కావాలని యూజర్ చేతనే అడిగించొచ్చు. అడగని వాడికి మౌనంగా అదే అంటగట్టడం దేనికి? రెండోది, ‘ఎర్రర్ ఇస్తే మా లైబ్రరీ ఆ ప్లాట్‌ఫామ్ మీద బిల్డ్ కాదు’ అనేది. అవును, కాదు. సపోర్ట్ లేకపోవడమంటే అదే.

సరే, పై మెట్ల మీద ఉన్నవాళ్లయినా సుఖపడ్డారా? విస్టాకి ముందు విండోస్‌లో డిక్ల్‌స్పెక్ థ్రెడ్ వాడిన డీఎల్‌ఎల్‌ని ప్రోగ్రాం మధ్యలో లోడ్ చేస్తే క్రాష్ అయ్యే ప్రమాదం ఉండేది. అంటే ప్లగిన్లు రాసేవాళ్లకి ఆ కీవర్డు ఉన్నా లేనట్టే. మ్యాక్‌లో సీ ప్లస్ ప్లస్ వాళ్ల థ్రెడ్ లోకల్ 2016లో ఎక్స్‌కోడ్ 8 వచ్చేదాకా నడవలేదు. ఆండ్రాయిడ్‌లో ఆండ్రాయిడ్ 10 దాకా అసలు సరుకు లేదు, కంపైలర్ అనుకరించి నెట్టుకొచ్చింది. మాక్రోకి ఇవేవీ తెలియవు, దానికి కీవర్డు స్పెల్లింగ్ వస్తే చాలు.

లినక్స్ వాళ్లు నవ్వుకోనక్కర్లేదు, వాళ్ల వంతూ ఉంది. ప్రతి థ్రెడ్‌కీ స్టాటిక్ టీఎల్‌ఎస్ అని కాస్త జాగా ఉంటుంది, అదెంతో ప్రోగ్రాం మొదలైనప్పుడే తేలిపోతుంది. వేగం కోసం కొన్ని లైబ్రరీలు ఆ జాగాలోనే చోటు కావాలని పట్టుబడతాయి. ఆలస్యంగా లోడైన లైబ్రరీకి అక్కడ చోటు దొరక్కపోతే, స్టాటిక్ టీఎల్‌ఎస్ బ్లాక్‌లో మెమరీ కేటాయించలేకపోయామని చెప్పి ఆగిపోతుంది. ఆర్మ్ బోర్డుల మీద పైథాన్‌తో మెషిన్ లెర్నింగ్ చేసేవాళ్లకి ఇది చిరపరిచితం. ఎక్కువగా అలా పట్టుబట్టేది ఓపెన్‌ఎంపీ లైబ్రరీ. దీనికి లోకమంతా చెప్పుకునే చికిత్స ఏమిటో తెలుసా? ఇంపోర్ట్ లైన్ల వరస మార్చమంటారు. ఓపెన్‌సీవీని పైకి జరపండి, సైకిట్‌ని కిందికి దింపండి. వంటగది ఆగ్నేయానికి మార్చమనే వాస్తు సిద్ధాంతి సలహాకీ దీనికీ ఒకటే తేడా, ఇది పనిచేస్తుంది. పనిచేయడమే దీని ప్రమాదం కూడా. ఎందుకు పనిచేసిందో తెలియకుండానే ఆ వరస కంపెనీ కోడ్‌లో శాశ్వతంగా ఉండిపోతుంది, పైన ‘కదపకండి’ అని కామెంటుతో సహా.

కీవర్డులు వద్దు, ఫంక్షన్లతోనే చేసుకుందామంటే అదింకో బజారు. పోసిక్స్‌లో థ్రెడ్ లోకల్ కీలు కనీసం 128 ఇస్తామని హామీ, గ్లిబ్‌సీలో 1024. విండోస్ ప్రాసెస్‌కి గరిష్ఠం 1088. థ్రెడ్ చనిపోయేటప్పుడు దాని సామాను ఖాళీ చేయడానికి పోసిక్స్ డిస్ట్రక్టర్ పెట్టుకోనిస్తుంది. విండోస్ టీఎల్‌ఎస్ అలాక్‌లో ఆ సదుపాయమే లేదు. కావాలంటే ఫైబర్ల కోసం పెట్టిన ఎఫ్‌ఎల్‌ఎస్ అలాక్ దగ్గరికి వెళ్లి, మనకి ఫైబర్లు లేకపోయినా వాటి కాల్‌బ్యాక్ అరువు తెచ్చుకోవాలి. ఈ తేడాలన్నిటి మీదా ఒకే మాక్రో కప్పి దానికి పోర్టబిలిటీ అని పేరు పెట్టారు.

థ్రెడ్ లోకల్ నిజంగా కావలసిన చోట్లు లేకపోలేదు. ఎర్‌నోకి వేరే దారి లేదు. మెమరీ అలొకేటర్లు థ్రెడ్‌కో చిన్న నిల్వ పెట్టుకోకపోతే లాకుల దగ్గర క్యూలు కట్టాలి. మిగతా చాలా చోట్ల మాత్రం అది బద్ధకానికి మర్యాదైన పేరు. ఫంక్షన్‌కి ఒక పారామీటర్ చేర్చడం ఇష్టం లేక గ్లోబల్ పెట్టారు, గ్లోబల్ చెడ్డదని ఎవరో అంటే థ్రెడ్ లోకల్ చేశారు. స్ట్ర్‌టాక్, లోకల్‌టైమ్ ఫంక్షన్లకి ఇదే జబ్బు చేసినప్పుడు పోసిక్స్ వాళ్లు ఏం చేశారు? పేరు చివర అండర్‌స్కోర్ ఆర్ తగిలించి, స్థితి దాచుకునే చోటు పిలిచేవాడే ఇవ్వాలన్నారు. దానికి కీవర్డు అక్కర్లేదు, నిచ్చెన అక్కర్లేదు.

అయినా నిచ్చెన ఉండి తీరాలంటే అట్టడుగున ఖాళీ బదులు ఎర్రర్ అనే డైరెక్టివ్ ఒక్క లైను రాయండి. దానితోపాటు ఒక టెస్టు పెట్టండి. రెండు థ్రెడ్లు ఒకే వేరియబుల్‌లో వేర్వేరు అంకెలు వేయాలి, ఒకదానికోసం ఇంకోటి ఆగాలి, ఆపైన తమ అంకె తమకే ఉందో లేదో చూసుకోవాలి. స్క్రీన్ మీద సగం కూడా పట్టదు. ఖాళీ మాక్రో ఉన్నచోట అది మొదటిసారికే ఫెయిలవుతుంది. బహుశా అందుకే అది రాయరు.