జెండాలు వేరు, గంటలు పది

2025 నవంబరు 21న కేంద్రం లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చిన దగ్గర్నుంచీ టీవీల్లో ఒకటే భజన. విని విని నా చెవుల తుప్పు వదిలిపోయింది. పార్టీల ఐకమత్యం చూస్తే మాత్రం ముచ్చటేస్తోంది. నీళ్ళ కోసం కొట్టుకుంటారు, రాజధాని కోసం కొట్టుకుంటారు. కూలీ పనిగంటల దగ్గరికొచ్చేసరికి అన్నదమ్ములైపోతారు. కోడ్‌లు తెచ్చింది జాతీయవాదం. ఆంధ్రలో పది గంటలు తెచ్చింది అభివృద్ధివాదం. తెలంగాణలో తెచ్చింది సామాజిక న్యాయం. తమిళనాట ద్రావిడవాదం 2023 ఏప్రిల్‌లో ఏకంగా పన్నెండు గంటల బిల్లు పాస్ చేసి, గొడవయ్యాక మే డే నాడు వెనక్కి తీసుకుంది. కాంగ్రెస్ వారి కార్మిక సంఘం ఐఎన్‌టీయూసీ 2025 జులై 9న కోడ్‌ల మీద సమ్మె చేసింది. తెలంగాణలో కాంగ్రెస్ వారి ప్రభుత్వం నాలుగు రోజుల ముందే పది గంటల జీవో ఇచ్చేసింది.

భయపడకండి, అంతా సమ్మతితోనేనట. రాత్రి షిఫ్టుకు ఆడవాళ్ళ సమ్మతి తప్పనిసరి. ఓవర్‌టైమ్‌కు, అంటే ఓటీకి, కార్మికుడి సమ్మతి తప్పనిసరి. ఎంత మర్యాద! పెళ్ళిచూపుల్లో పిల్లను కూడా మనం ఇంతగా అడగం.

ఈ సమ్మతి ఎలా పుడుతుందో చూద్దాం. మనవాడు ఒక వలస కూలీ, ఒడిశాలోని గంజాం నుంచి వచ్చాడు. కాంట్రాక్టరు చూపించిన గదిలో మరో ఆరుగురితో ఉంటాడు. వచ్చేటప్పుడు తీసుకున్న అడ్వాన్సు ఇంకా తీరలేదు. సూపర్‌వైజరు వచ్చి, 'ఇంకో రెండు గంటలు ఉంటారా?' అని వినయంగా అడుగుతాడు. మనవాడు ఆదేశిక సూత్రాలన్నీ నెమరేసుకుని, 'క్షమించాలి, సమ్మతించను' అంటాడు. 'మీ నిర్ణయాన్ని గౌరవిస్తున్నాం' అని సూపర్‌వైజరు చెయ్యి కలుపుతాడు. మర్నాడు గేటు దగ్గర వాచ్‌మన్ లిస్టు చూసి, 'నీ పేరు లేదు, పో' అంటాడు.

అసలు అడిగేదాకా ఎందుకు? చేరిన రోజే కాగితాల కట్ట ముందు పెడతారు. సంతకం ఎక్కడ పెట్టాలో పెన్సిల్‌తో ఇంటూ మార్కు ఉంటుంది. చదవడం రాదు, వచ్చినా చదవనివ్వరు. రాత్రి షిఫ్టు సమ్మతి, ఓటీ సమ్మతి అన్నీ అందులోనే. పనివాడు నోరు విప్పకుండానే సమ్మతి ఫైల్లోకి వెళ్ళిపోతుంది.

వారానికి 48 గంటలు దాటదు కదా అంటారు. దాటితే ఓటీ. ఆంధ్రలో మూడు నెలలకు 75 గంటలున్న ఓటీ పరిమితిని 144 చేసింది ఎందుకో మరి!

వెటకారం చాలు. 2025 జూన్ 30న తెలంగాణలోని పాశమైలారంలో సిగాచీ ఫ్యాక్టరీ పేలింది. 46 మంది చనిపోయారు. మరో 8 మంది ఆనవాళ్ళు కూడా దొరకలేదు. కాలిపోయిన శరీరాల్లో ఎవరు ఎవరో తేల్చడానికి అయినవాళ్ళ రక్తం తీసుకుని డీఎన్‌ఏ పరీక్షలు చేశారు. జులై 5న, ఐదు రోజులకే, మైల కూడా తీరకముందే, వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటలు పని చేయించుకోవచ్చని జీవో వచ్చింది. అది ఫ్యాక్టరీలకు వర్తించదట. నిజమే, వర్తించదు. సిగ్గన్నది వర్తించాలి కదా! ఆ 54 మందిలో ఎవరు దేనికి సమ్మతించారు? చావడానికా?

రోజుకు పది గంటలన్నది 1934 నాటి తెల్లవాడి చట్టం. వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన అంబేద్కర్, వారానికి 54 గంటలను 48కి తగ్గించే సవరణ 1946లో తెచ్చారు. ఆయన విగ్రహానికి దండలేసిన చేతులే పది గంటల ఫైలు మీద సంతకాలు పెట్టాయి. స్వర్ణాంధ్ర 2047కి మనం 1934 మీదుగా వెళ్తున్నామన్నమాట.

అయ్యా పాలకులారా, ఒక్క పని చేయండి. ఎనిమిది గంటల పనికి ఇల్లు గడిచే కూలి ఇప్పించండి. వద్దన్నవాడి పేరు మర్నాడు గేటు లిస్టులో ఉండేలా చూడండి. అప్పుడు పంచండి మీ సమ్మతి పత్రాలు. ఎన్ని సంతకాలతో తిరిగొచ్చాయో లెక్కపెట్టి అసెంబ్లీలో చదవండి.