తుపాకి నెత్తిన దుర్భిణి

వైజ్ఞానిక కల్పనా చిత్రములలో తుపాకులకు బిగించిన దుర్భిణులను చూచినప్పుడెల్ల, ఇవి యెవరు చూచుటకై యున్నవో యను సందేహము నన్ను పీడించుచుండును. కాల్చువాడు మాత్రము వానిలోనికి తొంగిచూచిన పాపమున పోడు.

1977లో వచ్చిన ‘స్టార్ వార్స్’లో హాన్ సోలో ధరించిన పిస్తోలు నిజమునకు జర్మనీ దేశపు పాత మౌజరు, దాని నెత్తిన హెన్‌సోల్ట్ వారి దుర్భిణి యొకటి ఠీవిగా కొలువుదీరి యుండును. ఆ మహానుభావుడు పానశాలలో బల్లక్రిందనుండియే యెదుటివానిని పరలోకమునకు సాగనంపెను గాని, ఆ దుర్భిణి వంక కన్నెత్తియైన చూడలేదు.

తెల్లకవచముల సామ్రాజ్య సైనికుల సంగతి మరింత దయనీయము. వారి చేతనున్నది బ్రిటిషు సైన్యపు స్టెర్లింగు తుపాకి; దానిపై రెండవ ప్రపంచయుద్ధకాలపు టాంకు దుర్భిణి. టాంకులో కూర్చుండి శత్రువును వెదకుటకై పుట్టిన ఆ అద్దము, నడవలో నాలుగు బారల దూరమున పరుగిడు కుఱ్ఱవానిని చూపలేకపోయెను. తప్పు అద్దముది కాదు. చెక్కిలి తుపాకి మడమకు ఆనించి, కన్ను అద్దమునకు సూటిగా నిలిపిన గాని గురి కుదరదు. వీరి తుపాకికి మడమ మడచియే యుండును, శిరస్త్రాణమునకు చెక్కిలియే లేదు. మారువేషమునకై దానిని తొడిగిన కథానాయకుడు ల్యూకు సైతము తనకేమియు కనబడుట లేదని మొఱపెట్టుకొనెను. ద్రోణాచార్యులు వీరిని వరుసగా నిలిపి ప్రశ్నించియుండినచో, చెట్టును లేదు, పక్షియు లేదు, “టోపీ లోపలి అంచు కనబడుచున్నది గురువుగారూ” అని యందఱు నేకకంఠమున పలికియుందురు.

“అందంగా ఉందిగా మామయ్యా, నీకేం నష్టం?” అని మా మేనల్లుని వాదము.

అందమునకైన వెల కలదు. 1984 నాటి ‘టెర్మినేటర్’లో పిస్తోలుపై లేజరు వెలిగించుటకు, ష్వార్జ్‌నెగ్గరు చొక్కాచేతిలోనుండి తీగ పోనిచ్చి, బ్యాటరీని దుస్తుల మాటున దాచవలసివచ్చెను. ఇంతచేసి, ఆ యంత్రపురుషుని కంటిలోనే గురిగీతలు వెలుగుచుండగా వానికి లేజరెందులకు? అది మనకొఱకు. తాను చంపవచ్చిన సారా కానరు నుదుట ఎఱ్ఱని బొట్టొకటి పెట్టి, మనము తృప్తిగా ఉలికిపడుదాక ఆగి, అంతలో ప్రక్కనుండి తానే తుపాకిదెబ్బ తినెను.

ఇక ‘స్టార్ వార్స్’ చివరి యుద్ధమున, రెండు మీటర్ల రంధ్రమును గురియంత్రమును నమ్మి కొట్టిన సేనాని గురి తప్పెను. యంత్రమును కట్టివేసి కొట్టిన ల్యూకు, చంద్రునంత కోటను బూడిద గావించెను. ఈ యనుభవముతోనైన సామ్రాజ్యమువారు దుర్భిణులను ఊడబెఱికించియుందురని తరువాతి చిత్రములను శ్రద్ధగా పరికించితిని. ఒక్కటియు ఊడలేదు.